నూరు రూపాయల వడపోత

నూరు రూపాయల వస్తువును గురించి యింత వ్యాసమా అని పాఠకులు నొసలు చిట్లించవచ్చును. చిట్లించండి, తప్పులేదు. కాని ఆ నూరు రూపాయల వస్తువు చెడితే దాని వెనుక వేలకు వేలు యెట్లా కదిలిపోతాయో మా ఆదోనిలో యే మోటారు సైకిలు మేస్త్రీ నడిగినా చెబుతాడు. వస్తువు పేరు ఆయిలు ఫిల్టరు. అరచేతిలో యిమిడిపోతుంది. చుట్టూ మడతలు పెట్టిన కాగితం, రెండు చివరలా రెండు బిళ్ళలు, నడుమ ఒక బెజ్జం. చూడటానికి యింతే. దీనిని కొనబోయినప్పుడు అంగడివాడు మూడు రకాల పెట్టెలు బల్లమీద వుంచి, "ఏది కావాల సార్?" అంటాడు. ఒకటి బండి తయారుచేసిన కంపెనీ ముద్రతో వచ్చినది. రెండవది ఫిల్టర్లు చేయటమే వృత్తిగా పెట్టుకొన్న వేరొక కంపెనీది. మూడవదాని మీద పేరు వున్నది గాని, ఆ పేరు మునుపెన్నడూ విన్నది కాదు. ధరలు మూడు తీర్లు. ఆ క్షణంలో ఎం.ఏ. పట్టా యెందుకూ కొరగాదు.

మా వైపు సంగతి తెలియని వారికి నాలుగు మాటలు చెప్పాలి. ఆదోని ప్రత్తి వ్యాపారానికి పేరుపడిన వూరు. పంట చేతికి వచ్చే రోజుల్లో మార్కెటు యార్డులో ప్రత్తి కొండలుగా పడివుంటుంది. జిన్నింగు మిల్లుల చుట్టుపట్ల గాలిలో నూగు తేలుతూనే వుంటుంది. అక్కడికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఎమ్మిగనూరు. ఆ వూరికి ప్రాణం మగ్గం. 1938లో మాచాని సోమప్పగారు నెలకొల్పిన చేనేత సహకార సంఘం మూలాన ఎమ్మిగనూరు దుప్పటి యెక్కడెక్కడికో వెళ్ళింది. 1954లో ఆయనకు పద్మశ్రీ బిరుదం వచ్చింది. ఎమ్మిగనూరుకు రైలు లేదు. కనుక మనిషి గాని, మూట గాని కదలాలంటే బస్సు, ఆటో, కాదంటే రెండు చక్రాల బండి. పాలవాడికీ, గుడ్డల మూటవాడికీ, బడిపంతులుకూ, ఎరువుల బస్తా తెచ్చుకొనే రైతుకూ అదే వాహనం. ఎర్రనేల, నల్లరేగడి రెండూ వున్న సీమ కావటం చేత వేసవిలో పల్లెదారిన ఒక బండి పోతే వెనుక వచ్చేవాడికి దారి కనిపించదు. ఇంత దుమ్ములో, యింత బరువుతో తిరిగే ఇంజనుకు లోపల రక్షణ యేమిటన్నదే ప్రశ్న.

ఇంజనులో ఇనుము ఇనుముతో రాసుకొంటూ వుంటుంది. నడుమ పలుచని నూనెపొర వుండబట్టి అరిగిపోదు. ఆ పొర మందం కొన్నిచోట్ల కొద్ది మైక్రానులే. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మన తలవెంట్రుక మందం 70 మైక్రానుల ప్రాంతం. అంటే వెంట్రుకలో పావువంతు రేణువు కూడా ఆ పొరను చీల్చగలదు. ఇటువంటి రేణువులు నూనెలోకి యెక్కడినుంచి వస్తవి? ఇంజను తనంత తాను అరిగిన లోహపు పొడి కొంత. పెట్రోలు మండగా మిగిలిన మసి కొంత. గాలితో లోపలికి దూరిన మట్టి కొంత. నూనె వీటన్నిటినీ మోసుకొని తిరుగుతుంది. పంపు ఆ నూనెను ఫిల్టరు బయటి అంచునుంచి లోపలికి తోస్తుంది. మురికి కాగితం మడతల్లో చిక్కి, వడకట్టిన నూనె నడుమ బెజ్జంగుండా బేరింగులకు పోతుంది.

మొదటి మోటారు వాహనాలకు యీ యేర్పాటు లేదు. అమెరికాలో ఎర్నెస్టు స్వీట్‌ల్యాండు అనే ఆయన 1923లో మోటారు కారుకు ఆయిలు ఫిల్టరు కనిపెట్టి దానికి ప్యూరోలేటరు అని పేరు పెట్టినాడు. తరువాత శుద్ధమైన నూనె అని అర్థం వచ్చేటట్లు మూడు ఇంగ్లీషు మాటలను ముక్కలు చేసి అతికించిన పేరది. మన వ్యాకరణంలో అట్లాంటి సంధికి సూత్రం లేదు గాని, పేరు మాత్రం నిలబడింది.

మన తెలుగులో యిందుకు మాటలకు లోటు లేదు. వడియటం అంటే కారటం. అందునుంచే వడియగట్టటం, వడగట్టటం వచ్చినవి. జల్లెడ పట్టటం వేరు, చెరగటం వేరు, వడగట్టటం వేరు. వంటింట్లో యీ తేడా తెలియని వారుండరు. పిండికి జల్లెడ, బియ్యానికి చేట, కాఫీకి గుడ్డ. విచిత్రమేమంటే మోటారు సైకిళ్ళలోనూ యీ మూడు పద్ధతులూ వున్నవి. అంగడికి వెళ్ళబోయే ముందు తన బండిలో యేది వున్నదో తెలుసుకోవటం మొదటి పని. చాలామంది యీ పని చేయరు.

మన వీధుల్లో లెక్కకు మించి కనిపించే హీరో స్ప్లెండరు సంగతే చూడండి. 1994లో హీరో హోండా పేరుతో వచ్చిన ఆ బండి 100 సి.సి. ఇంజనులో కొని మార్చవలసిన కాగితపు ఫిల్టరు లేనే లేదు. అడుగున ఒక తీగెజల్లెడ వుంటుంది. దానితోపాటు గిరగిర తిరిగే గిన్నెవంటి దొకటి వుంటుంది. తిరిగే వేగానికి నూనెలోని బరువైన మురికి గోడకు కొట్టుకొని అక్కడే పేరుకొంటుంది. అచ్చంగా చేటపని! ఈ రెండింటినీ బండితో వచ్చిన పుస్తకంలో చెప్పిన గడువుకు విప్పి శుభ్రం చేయాలి. విప్పాలంటే ఇంజను కుడివైపు మూత తీయాలి కనుక, అడిగితే తప్ప యే మేస్త్రీ చెయ్యడు. స్ప్లెండరుకు ఆయిలు ఫిల్టరు మార్చినానని బిల్లులో వ్రాసినవాడు యేమి మార్చినాడో అడగటం మీ హక్కు.

ఇక ఆర్.ఎక్స్.100 వంటి పాత రెండు స్ట్రోకుల బండ్లు. 1996తో ఆ బండి తయారీ ఆగిపోయినా మా వైపు కుర్రవాళ్ళు దానిని దేవుడి గుర్రంలాగా చూసుకొంటున్నారు. దానిలో నూనె పెట్రోలుతో కలిసి మండి పొగగా పోతుంది. వడకట్టటానికి మిగిలేదేమున్నది? గేరుపెట్టె నూనె మాత్రం వేరుగా వుంటుంది, అదీ ఫిల్టరు లేకుండానే.

మూడవది వడపోత గుడ్డ జాతి. 1955లో మద్రాసులో తయారీ ఆరంభమైన బుల్లెట్టు బండిలో చాలాకాలం నిజంగానే గుడ్డవంటి ఉన్ని ఫెల్టు వుండేది. దానిని పెట్రోలులో కడిగి, ఆరబెట్టి, మళ్ళీ పెట్టుకొనేవారు. తరువాతి కాలపు ఇంజనుల్లో మడతల కాగితం వచ్చింది. ఇప్పుడు 150 సి.సి., ఆపైన వున్న బండ్లలో చాలావాటికి యీ కాగితపు ఫిల్టరే. ఉన్ని ఫెల్టు కాలంలో పని నేర్చుకొన్న చేతులు మాత్రం యింకా మారలేదు. కాగితపు ఫిల్టరును కూడా పెట్రోలులో ముంచి, గాలి పట్టించి, "కొత్తదాని మాదిరి అయిపాయ సార్" అని తిరిగి బిగించే మేస్త్రీలు వున్నారు. రెజిను పూసి గట్టిపరచిన ఆ కాగితం గాలిదెబ్బకు చిరుగుతుంది. చిరుగు కంటికి కనిపించదు. దానిలోనుంచి మురికి తిన్నగా పోతుంది. కాగితపు ఫిల్టరును కడగటమన్నది వాడిన విస్తరిని కడిగి మళ్ళీ వేయటమే.

కంపెనీది కొనాలా, బయటిది కొనాలా అన్న మాటకు వస్తున్నాను. బండి కంపెనీలు సాధారణంగా ఫిల్టర్లను తాము చేసుకోవు. కొలతలు యిచ్చి ఫిల్టర్ల కంపెనీలచేత చేయించుకొని తమ ముద్ర వేసుకొంటవి. కనుక బయటి కంపెనీది అయినంత మాత్రాన అది నాసి అనుకోనక్కరలేదు. ప్రసిద్ధ ఫిల్టరు కంపెనీ మీ బండి పేరూ, మోడలూ, సంవత్సరమూ పట్టికలో పేర్కొని అమ్ముతున్నదంటే నిర్భయంగా తీసుకోవచ్చును. విదేశాల నుంచి వచ్చే కె అండ్ ఎన్ వంటివి కొన్ని ధరలో చాలా ముందున్నవి. వాటి డబ్బా ఫిల్టర్లకు చివర ఒక నట్టు అతికించి వుంటుంది, విప్పటం సులువు. ఆ సులువుకు ధర యిచ్చుకోవచ్చు గాని, పుస్తకంలో చెప్పిన గడువుకు మార్చే మామూలు బండికి అంత అవసరమని నాకు తోచదు. గ్యారంటీ గడువులో వున్న కొత్త బండికి మాత్రం కంపెనీదే వేయించి, బిల్లు దాచుకోవటం మంచిది. రేపు ఇంజనుకు యేమయినా అయితే వాదనకు తావుండదు.

పెట్టె మీద "20 మైక్రానులు" అని పెద్ద అక్షరాలు చూసి మోసపోకూడదు. ఆ పరిమాణపు రేణువులు నూరు వస్తే ఎన్నింటిని పడుతుందన్నది అసలు సంగతి. సగం పట్టినా ఆ మాట వ్రాసుకోవచ్చును, నూటికి తొంభై తొమ్మిది పట్టినా వ్రాసుకోవచ్చును. దీనికి ఐ.ఎస్.ఓ. 4548-12 అనే పరీక్ష వున్నది. మురికి కలిపిన నూనెను ఫిల్టరుగుండా మళ్ళీ మళ్ళీ తిప్పి, ముందెన్ని రేణువులు, వెనుకెన్ని అని లెక్కపెడతారు. మంచి కంపెనీ అయితే యెంత శాతమో కూడా చెబుతుంది.

అయితే మరీ సన్నగా వడకట్టేదే మేలైనదా అంటే, కాదు. ఈ మర్మం ఎమ్మిగనూరు నేతవారికి చెప్పనక్కరలేదు. నూలు దగ్గరగా పడి నేత చిక్కనైతే నీరు మెల్లగా దిగుతుంది. నేత పలచనైతే నీటితోపాటు నలకా దిగుతుంది. ఇంజనుకు నూనె శుభ్రంగా వుండటం యెంత ముఖ్యమో, తగినంత అందటం అంతకంటె ముఖ్యం. అందుకే ఫిల్టరు పూర్తిగా పూడుకొన్నప్పుడు గాని, చలికి నూనె చిక్కబడినప్పుడు గాని, పక్కదారిన నూనె వెళ్ళేటందుకు ఒక చిన్న స్ప్రింగు కవాటం పెడతారు. మురికి నూనె అయినా సరే, బొత్తిగా లేకపోవటం కంటె నయం. కొన్ని బండ్లలో యీ కవాటం ఇంజనులోనే వుంటుంది. కొన్నిటిలో ఫిల్టరులోనే అమర్చి వుంటుంది. మీ బండి రెండవ రకమైతే, చౌక ఫిల్టరులో ఆ కవాటం లేకపోతే, పూడుకొన్న రోజున ఇంజను గొంతు ఆరిపోతుంది. కాగితం నాణ్యత కంటె యిటువంటివే యెక్కువగా కొంప ముంచేవి.

కొలత సంగతి కూడా అంతే. మా కాలేజీ దారిలో వున్న మేస్త్రీ పెద్దవాడు, ముప్పయి యేండ్ల అనుభవం. ఒకనాడు ఆయన షెడ్డులో ఒక ఇంజను ముక్కలు ముక్కలుగా గోనెపట్టా మీద పరచివున్నది. పక్కన ఒక యువకుడు గోడకు ఆనుకొని కూర్చున్నాడు. ఎమ్మిగనూరునుంచి దుప్పట్లు మూటగట్టుకొని పల్లెపల్లెకూ తిరిగి అమ్ముకొంటాడట. సిలిండరు లోపల నిలువుగా గీతలు. వేలు పెడితే గరుకు తెలుస్తున్నది.

"ఏమి భాయ్, నూనె లేకుండా నడిపినాడా?" అన్నాను.

"నూనె పోసినాడు సార్. ఫిల్టరు గూడా కొత్తదే యేసుకున్యాడు. ఈడ సూడండి," అని రెండు ఫిల్టర్లు పక్కపక్కన నిలబెట్టినాడు. ఒకటి అంగడిలో సగం ధరకు వచ్చినది. అది రెండవదానికంటె రెండు మిల్లీమీటర్లు పొట్టి. "స్ప్రింగు దీన్ని అదుముకోలేదు. పైనుంచి సందు. ఆయిలు కాగితంలోకి పోకుండా ఆ సందులోంచే పోయింది సార్. వడకట్టిందే లేదు."

"తెలియదు గదన్నా," అన్నాడు యువకుడు. "పెట్టె మీద మన బండి బొమ్మే వుండె."

బోరు పట్టించి, కొత్త పిస్టను వేసి, మిగిలినవీ కలిపి లెక్క యెనిమిది వేలు దాటింది. పన్నెండు రోజులు బండి షెడ్డులో వున్నది. ఆ పన్నెండు రోజులూ దుప్పట్లు యింట్లోనే వున్నవి. ఫిల్టరు మీద మిగిలింది నలభై రూపాయలు.

కనుక అంగడికి పాత ఫిల్టరు వెంట తీసుకొని వెళ్ళండి. నూనె కారుతుంది కాబట్టి కాగితంలో చుట్టి తీసుకొని వెళ్ళండి. ఎత్తు, చుట్టుకొలత, నడుమ బెజ్జం మూడూ కలవాలి. తరువాత మడతలు చూడండి. సమానమైన యెడంలో, నిటారుగా వుండాలి. ఒకవైపు ఒత్తుగా, మరొకవైపు పలచగా వుంటే అది తొందరలో చేసిన సరుకు. బిళ్ళకూ కాగితానికీ నడుమ జిగురు చుట్టూ తెగకుండా వున్నదా? బొటనవ్రేలితో నొక్కితే బిళ్ళ కదలకూడదు. రబ్బరు చుట్టు మెత్తగా వుండాలి. గోటితో నొక్కితే తిరిగి లేవాలి. ఎండకు అంగడి అద్దాల్లో యేండ్లుగా పడివున్న సరుకైతే రబ్బరు బిరుసెక్కి వుంటుంది. మూతకు వేసే రబ్బరు రింగు ఫిల్టరుతో యిచ్చినారో లేదో చూసుకోండి. పాత రింగును మళ్ళీ వేస్తే నూనె కారుతుంది.

నకిలీ పెట్టెల బెడద వున్నది. కంపెనీ ముద్రను అచ్చంగా దింపుతారు, కాని అచ్చు మసకగా వుంటుంది, స్పెల్లింగు తప్పుతుంది. తెలుగు పంతులుకు ఇంగ్లీషు అచ్చుతప్పులు పట్టుకోవటంలో వున్న ఆనందం మరొకరికి వుండదు. యీ విషయంలో మాత్రం అది పనికివచ్చింది. చట్ట ప్రకారం పెట్టె మీద తయారుదారు పేరు, చిరునామా, గరిష్ఠ ధర, నెల, సంవత్సరం, ఫిర్యాదుకు ఫోను నంబరు వుండి తీరాలి. వీటిలో యేది లేకపోయినా పెట్టె కింద పెట్టేయండి. బిల్లు తప్పక అడగండి. 2020 జూలైలో అమలులోకి వచ్చిన వినియోగదారుల చట్టం ప్రకారం, వస్తువులోని లోపం వల్ల నష్టం జరిగితే తయారుదారునీ అమ్మినవాడినీ అడిగే వీలున్నది. కాని బిల్లు లేనివాడి మాట యెవరు వింటారు?

ఫిల్టరు మంచిదైనా తిరగేసి పెడితే ముప్పే. కొన్ని బండ్ల ఫిల్టర్లకు ఒకవైపు బెజ్జం వుంటుంది, రెండవవైపు మూసివుంటుంది. మూసినవైపు నూనె దారికి ఆనిస్తే బేరింగులకు చుక్క కూడా అందదు. కొన్నిటి మీద బయటివైపు యేదో అక్షరాలలో వ్రాసి వుంటుంది. ఆ అక్షరాలు మనకు కనిపించేటట్లు పెట్టాలి. పాతదాన్ని తీయకముందే ఒక ఫోటో తీసుకోవటం నేటి పిల్లలకు తెలిసిన విద్య. మూత మరలు అల్యూమినియంలో దిగుతవి, బలం చూపించనక్కరలేదు. బిగించినాక ఇంజను ఆడించి, నూనె దీపం వున్న బండి అయితే అది ఆరేదాకా వేగం పెంచకుండా వుండాలి. తరువాత ఆపి, కొద్ది నిమిషాలు ఆగి, నూనె మట్టం మళ్ళీ చూడాలి. కొత్త ఫిల్టరు కొంత నూనె తాగుతుంది. పోసే నూనె డబ్బా మీద జాసో ఎం.ఏ. అన్న గుర్తు వున్నదా చూడండి. గేర్ల బండిలో క్లచ్చి కూడా ఆ నూనెలోనే మునిగివుంటుంది కనుక కారు నూనె పనికిరాదు. ఈ ఎం.ఏ. కు కాలేజీతో సంబంధం లేదు.

ఇంకొక మాట. మా ఆదోని దుమ్ముకూ ప్రత్తినూగుకూ మొదట అడ్డుపడేది ఆయిలు ఫిల్టరు కాదు, గాలి ఫిల్టరు. నూగు దానిని దుప్పటిలాగా కప్పుతుంది; మట్టి దాని సందుల్లోనుంచి దూరితే సిలిండరులో పడి, అక్కడినుంచి నూనెలో కలుస్తుంది. గాలి ఫిల్టరును యేడాదిగా విప్పి చూడనివాడు యెంత ఖరీదైన ఆయిలు ఫిల్టరు కొన్నా ప్రయోజనం స్వల్పం. దుమ్ము దారిన తిరిగేవారికి పుస్తకంలో చెప్పిన గడువు కంటె ముందే చూడమని ఆ పుస్తకమే సాధారణంగా ఒక మూల చెబుతుంది. ఎవరూ చదవరు. కొత్త బండికి మొదటి సర్వీసులో నూనెతోపాటు ఫిల్టరు మార్చటం మాత్రం వాయిదా వేయరాదు. కొత్త భాగాలు ఒకదానితో ఒకటి ఒదిగేటప్పుడే లోహపు పొడి యెక్కువగా రాలుతుంది.

తీసిన పాత ఫిల్టరును వెంటనే పారవేయక, మేస్త్రీచేత మడతలు కోయించి వెలుతురులో చూడండి. సన్నని బూడిదరంగు మెరుపు సహజం. కంటికి ముక్కలుగా కనిపించే లోహం వుంటే లోపల యేదో భాగం అరుగుతున్నదని అర్థం. అప్పుడు బండిని దూరప్రయాణానికి తీయకూడదు. చూడటం అయినాక దానిని ఒక డబ్బా మీద బోర్లించి రాత్రంతా వుంచితే మిగిలిన నూనె దిగుతుంది. ఆ నూనెను కాలువలో వంపేవారున్నారు. మా వైపు తుంగభద్ర దిగువకాలువ నీరే పొలానికీ, పలుచోట్ల తాగటానికీ ఆధారం. 2016 నాటి నియమాల ప్రకారం వాడిన నూనె ప్రమాదకర వ్యర్థం. అనుమతి వున్నవారే దానిని సేకరించాలి. మా మేస్త్రీ షెడ్డు మూల ఒక నీలం పీపా పెట్టినాడు. నిండినప్పుడు సేకరించేవారి బండి వచ్చి పట్టుకుపోతుంది. వాడకందారు తన సీసా తెచ్చి అందులో పోసినా కాదనడు.